పీడీ మేడమ్‌ని అడగండి: పన్నెండు మంది టీమ్, ఏడుగురు పిల్లలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బాస్కెట్‌బాల్ గురించే. ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ల కాలం కదా, సహజమే. మోకాళ్ల నొప్పుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి. నేను మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్ (పీడీ)గా పనిచేసి రిటైరైనదాన్ని. విజిల్ మెడలో లేకపోయినా నోరు మాత్రం అలాగే ఉంది. ఎవరినైనా కసిరినట్టు అనిపిస్తే ఏమీ అనుకోకండి.

మా అన్న కూతురు అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసింది. 2024 మార్చిలో వాళ్ల ఆడపిల్లల టీమ్ ఆడుతుంటే ‘కాన్ఫరెన్స్ టోర్నమెంట్’ చూడటానికి గ్రీన్స్‌బరో అనే ఊరికి వెళ్లింది. ఫైనల్లో ఓడిపోయామని ఫోన్లో ఏడ్చింది. సరిగ్గా మూడు వారాలకు మళ్లీ ఫోన్ చేసి, మా టీమ్ ‘ఫైనల్ ఫోర్’కి వెళ్లిందని ఒకటే సంబరం. ఓడినవాళ్లు ముందుకెలా పోతారు? అసలు కాన్ఫరెన్స్ అంటే మీటింగ్ కదా?
– రిటైర్డ్ టీచర్, మిర్యాలగూడ

సార్, మీ అన్నగారి అమ్మాయి రెండుసార్లూ నిజమే చెప్పింది. అక్కడ కాన్ఫరెన్స్ అంటే మీటింగ్ కాదు, తమలో తాము ఆడుకోవడానికి జట్టు కట్టిన కొన్ని యూనివర్సిటీల గుంపు. ఆ అమ్మాయి చూసింది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్. అప్పుడు అందులో 15 యూనివర్సిటీలు. డిసెంబర్ చివరి నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడతారు, ఒక్కో టీమ్‌కి 18 మ్యాచ్‌లు. అప్పుడైతే ఆ వెంటనే అందరూ ఒకే ఊళ్లో చేరి ఐదు రోజుల నాకౌట్ ఆడారు. సీజన్లో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లు మూడో రోజు దిగితే చాలు. అట్టడుగున ఉన్నవాళ్లు కప్పు కొట్టాలంటే ఐదు రోజుల్లో ఐదు గెలవాలి. పాపం అనిపిస్తుంది కానీ, రెండు నెలలు బాగా ఆడినవాళ్లకు ఆ మాత్రం విశ్రాంతి న్యాయమే.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ ఏడాది దేశమంతటి టోర్నమెంట్‌లో 68 టీమ్‌లు ఆడాయి. అప్పుడు 32 కాన్ఫరెన్స్‌లు, ఒక్కోదాని ఛాంపియన్‌కి ఒక్కో టికెట్ నేరుగా. మిగిలిన 36 టికెట్లు ఒక కమిటీ చేతిలో ఉండేవి. ఏడాదంతా ఎవరెవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అని చూసి ఇస్తుంది. మీ అమ్మాయి టీమ్ ఫైనల్లో నోటర్‌డామ్ చేతిలో 55–51తో ఓడింది. అయినా ఏడాది లెక్క బాగుంది కాబట్టి కమిటీ పిలిచింది. తమాషా ఏమిటంటే, ఆ రోజు గెలిచిన నోటర్‌డామ్ పెద్ద టోర్నమెంట్‌లో పదహారు టీమ్‌ల దగ్గరే ఆగిపోయింది. ఓడినవాళ్లు చివరి నలుగురిలో నిలిచారు. చిన్న కాన్ఫరెన్స్‌ల వాళ్లకు ఈ అదృష్టం ఉండదు లెండి. వాళ్లలో చాలావరకు గెలిచిన ఒక్కరే వెళ్తారు, మిగతావాళ్లు సామాన్లు సర్దుకోవడమే.

మన దగ్గర మెట్లు వేరు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ గానీ, ఇక్కడి పాలమూరు యూనివర్సిటీ గానీ, తమ కింది కాలేజీలకు టోర్నమెంట్ పెడతాయి. అందులో బాగా ఆడినవాళ్లను ఏరి యూనివర్సిటీ టీమ్ కడతారు. ఆ టీమ్ సౌత్ జోన్‌కి వెళ్తుంది, తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర వాళ్లందరితో ఆడుతుంది. జోన్‌లో మొదటి నాలుగు టీమ్‌లే ఆలిండియాకి. అంటే మీ ఊరి అమ్మాయి కాలేజీ పేరు మీద ఆడేది ఈ ఇంటర్ కాలేజ్ దాకానే. అది దాటితే ఒంటి మీద యూనివర్సిటీ పేరు.

నా కడుపుమంట ఒకటుంది, చెప్పేస్తాను. పదహారు కాలేజీలు వచ్చాయనుకోండి. నాకౌట్ పెడితే మొదటి మ్యాచ్ అవ్వగానే ఎనిమిది కాలేజీల పిల్లలు బస్సెక్కాలి. నలభై నిమిషాల ఆట, ఏడాదికి అంతే. అదే నాలుగేసి టీమ్‌లుగా విడదీసి లీగ్ పెడితే ఎంత ఓడినా ఒక్కో టీమ్‌కి మూడు మ్యాచ్‌లు దక్కుతాయి. ‘గ్రౌండ్ లేదు, బడ్జెట్ లేదు, రిఫరీలకు డీఏ ఎవరిస్తరు’ అంటారు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను, నాకు తెలుసు. కానీ సౌత్ జోన్‌లో తమిళనాడు పిల్లల చేతిలో ముప్పై, నలభై పాయింట్ల తేడాతో ఓడి వచ్చి, ‘మన పిల్లలు పొట్టి మేడమ్’ అంటే మాత్రం ఒప్పుకోను. మనవాళ్లు ఆడిన మ్యాచ్‌లే తక్కువ. మీ అన్న కూతురి టీమ్ వాళ్లు టోర్నమెంట్‌కి వెళ్లేముందే ఎన్ని ఆడారో మళ్లీ ఒకసారి పైన చూడండి.

నేను హిజాబ్ వేసుకుంటాను. కాలేజీ టీమ్‌లో ఎంపికయ్యాను. రిఫరీ ఆడనివ్వరని మా సీనియర్ భయపెడుతోంది.
– డిగ్రీ మొదటి సంవత్సరం, మహబూబ్‌నగర్

మీ సీనియర్ చెప్పేది పాత ముచ్చట. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆ నిబంధనను 2017లోనే మార్చింది. తలకు కట్టుకునేది పువ్వులూ గీతలూ లేకుండా ఒకే రంగుది ఉండాలి. ముఖం కనబడాలి. పిన్నులు, ముడులు, వేలాడే కొసలు ఉండకూడదు. మెడకు చుట్టుకునే రకం వద్దు, సాగే బట్టతో కుట్టింది మంచిది. కాళ్లకు లెగ్గింగ్స్ వేసుకుంటే టీమంతా ఒకే రంగు చూసుకోండి. మ్యాచ్ మొదలయ్యేముందే మీ పీడీతో కలిసి వెళ్లి రిఫరీకి ఒక మాట చెప్పండి. ఆట మధ్యలో వాదన పెట్టుకోవద్దు.

మేడమ్, నేను టీమ్‌లో పన్నెండో దాన్ని. మొన్న ఇంటర్ కాలేజ్‌లో మూడు మ్యాచ్‌లూ బెంచీ మీదే కూర్చున్నాను. నీళ్ల బాటిళ్లు అందించాను. ఇంట్లో అడిగితే ఆడానని అబద్ధం చెప్పాను. వచ్చే ఏడాది మానేద్దామనుకుంటున్నాను.
– డిగ్రీ రెండో సంవత్సరం, వనపర్తి

బిడ్డా, అబద్ధం సంగతి తర్వాత. ముందు నా ముచ్చట ఒకటి విను.

ఎనభైల్లో నేనూ నీలాగే బెంచీ పిల్లను. అప్పుడు మాది మట్టి కోర్టు. చెక్క బోర్డుకు ఒక మూల వాన పడి ఉబ్బిపోయి ఉండేది, అక్కడ తగిలిన బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. బంతి కూడా మగపిల్లలు ఆడే ఏడో నంబరుదే. ఆటకు నాలుగు క్వార్టర్లు కూడా లేవు, ఇరవై నిమిషాలవి రెండు సగాలు. సెమీఫైనల్ నాడు మా పాయింట్ గార్డు, అంటే బంతి నడిపించే అమ్మాయి, బూటు అడుగు ఊడిపోయింది. మా సార్ బెంచీ వైపు చూసి, ‘నీవెట్లాగూ ఆడవు, ఇచ్చెయ్’ అన్నారు. ఇచ్చేశాను. కాన్వాస్ బూట్లు, మా మేనమామ కొనిచ్చినవి. వట్టికాళ్లతో కూర్చొని చప్పట్లు కొట్టాను.

రెండో సగంలో మావాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఐదు ఫౌళ్లయి బయటికొచ్చారు. మూడో అమ్మాయి కూడా వచ్చాక, బెంచీ మీద నేను తప్ప ఎవరూ లేరు. బూట్లు లేకుండా దిగనివ్వనన్నారు రిఫరీ. ఆ మూడో అమ్మాయి ఏడుస్తూనే తన బూట్లు విప్పి నా ముందు పడేసింది. నాకంటే రెండు నంబర్లు పెద్దవి. స్కోరర్ బల్ల మీద ఉన్న పేపర్ చింపి ముందు భాగంలో కుక్కాం. నాలుగు నిమిషాలు ఆడాను. బంతి నా చేతికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి అడుగులు ఎక్కువ వేశానని విజిల్ పడింది. రెండోసారి మా గార్డుకి పాస్ ఇచ్చాను, ఆమె బుట్టలో వేసింది. నా బూట్లతోనే వేసింది! మూడు పాయింట్లతో ఓడాం. నేను తిరుగు బస్సులో నిద్రపోలేదు, బాధతో కాదు.

నీకు ఇంకో బెంచీ కథ. ఈసారి నాది కాదు. 2024 మార్చిలోనే అమెరికాలో ఇంకో కాన్ఫరెన్స్ ఉంది, సౌత్‌ఈస్టర్న్ అంటారు. సౌత్ కరోలినా టీమ్ ఆ సీజన్లో అప్పటిదాకా ఒక్కటీ ఓడలేదు. సెమీఫైనల్లో టెన్నెసీ మీద ఇంకా సెకను కాస్త పైన ఉందనగా రెండు పాయింట్లు వెనకబడ్డారు. బంతి కమిలా కార్డోసో చేతికొచ్చింది. బ్రెజిల్ అమ్మాయి, ఆరడుగుల ఏడంగుళాలు, బుట్ట కిందే ఆడే సెంటర్. కాలేజీ ఆటలో అంతకుముందు ఒక్క త్రీ పాయింటర్, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, కూడా వేసి ఎరగదు. విసిరింది, బోర్డుకు కొట్టుకొని లోపల పడింది. 74–73. మరునాడు ఫైనల్లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమ్మాయిలతో గొడవైంది. అదే కార్డోసో ఒకమ్మాయిని తోసేస్తే బయటికి పంపేశారు. గొడవ చూసి బెంచీ మీది నుంచి కోర్టులోకి పరుగెత్తుకొచ్చిన వాళ్లనూ పంపేశారు. అది రూలు. మిగిలినవాళ్లతో చివరి రెండు నిమిషాలు ఆడి గెలిచారు. పెద్ద టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌కి కార్డోసో లేదు, నిషేధం. ఆ మ్యాచ్ ఆమె లేకుండానే గెలిచారు. చివరికి 38 మ్యాచ్‌లు ఆడి 38 గెలిచి కప్పు కొట్టారు. ఆ ఆఖరి మ్యాచ్‌ని అక్కడ టీవీలో కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు, ఆ ఏడాది మగపిల్లల ఫైనల్ కంటే ఎక్కువ.

బెంచీ మీద కూర్చున్నప్పుడు చేతిలో బాటిల్ ఉండొచ్చు, కళ్లు మాత్రం ఆట మీద ఉండాలి. నీ స్థానంలో ఆడే అవతలి అమ్మాయి ఎడమ వైపు వెళ్తుందా, కుడి వైపేనా? మీవాళ్లకు ఎన్ని ఫౌళ్లయ్యాయి? ఈ రెండూ నీకు నోటికి రావాలి. ప్రతి క్వార్టర్ విరామంలో లేచి రెండు నిమిషాలు ఒళ్లు వేడెక్కించు. వచ్చే ఏడాది మానొద్దు. మీ పీడీ దగ్గరికి వెళ్లి, నన్నెందుకు దించలేదని మర్యాదగా అడుగు. ‘ఫిట్‌నెస్ లేదు’ అంటే పని చేసుకోవచ్చు. జవాబే లేకపోతే తప్పు ఆయనది. మూడు మ్యాచ్‌ల్లో ఒక్కటైనా పెద్ద తేడాతో నడిచే ఉంటుంది, అందులో కూడా పన్నెండో పిల్లను రెండు నిమిషాలు దించని పీడీ ఏం పీడీ?

బూట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు.

టోర్నమెంట్ రోజుల్లోనే పీరియడ్స్ వచ్చేలా ఉన్నాయి. మెడికల్ షాపులో మాత్ర అడిగి వాయిదా వేసుకుంటే తప్పా?
– పేరు రాయొద్దన్న అమ్మాయి, గద్వాల

షాపులో అడిగి వేసుకోవద్దు. అవి హార్మోన్ మాత్రలు, అందరి ఒంటికీ పడవు. తప్పదనుకుంటే కొన్ని రోజుల ముందే లేడీ డాక్టర్‌ని కలిసి అడుగు. నొప్పి మరీ ఎక్కువ లేకపోతే హాయిగా ఆడొచ్చు, కొందరికి ఆడితేనే నడుం తేలికపడుతుంది. ఇక యూనిఫాం. తెల్ల షార్ట్స్ ఎంచేది సాధారణంగా మగవాళ్లే. కొత్త డ్రెస్ కుట్టించేటప్పుడు ముదురు నీలమో నలుపో కావాలని టీమంతా కలిసి అడగండి. నేను పదేళ్లు అడిగాక మా కాలేజీలో మార్చారు.

టీవీలో చూస్తుంటాను. ఓడిపోతున్న టీమ్ చివరి నిమిషంలో కావాలని ఫౌల్ చేస్తుంది. అది మోసం కాదా?
– మెకానిక్, సూర్యాపేట

మోసం కాదు తమ్ముడూ, లెక్క. ఇరవై సెకన్లే ఉన్నాయి, మీరు మూడు పాయింట్లు వెనక, బంతి అవతలివాళ్ల దగ్గర. షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక బుట్టకు విసరాల్సిన గడువు, ఇరవై నాలుగు సెకన్లు కాబట్టి వాళ్లు బంతిని అటూ ఇటూ ఇచ్చుకుంటూ నిలబడితే ఆట అయిపోతుంది. ఫౌల్ చేస్తే గడియారం ఆగుతుంది. ఒక క్వార్టర్‌లో టీమ్‌కి ఐదో ఫౌల్ నుంచి అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డురాకుండా విసిరేవి, ఒక్కోటి ఒక పాయింట్. రెండూ వేస్తే మీరు ఐదు వెనక, ఒకటి తప్పితే నాలుగు, రెండూ తప్పితే మూడే. ఎటైనా బంతి మీ చేతికొచ్చే దారి దొరుకుతుంది. అందుకే ఎవరు ఫ్రీ త్రో సరిగా వేయరో ఆ అమ్మాయినే పట్టుకుంటారు. కానీ బంతి కోసం ప్రయత్నించినట్టు ఉండాలి. వెనక నుంచి చొక్కా పట్టి లాగితే రెండు ఫ్రీ త్రోలు ఇచ్చి బంతి కూడా వాళ్లకే ఇస్తారు. మన పిల్లలు టెన్షన్లో చేసేది సరిగ్గా అదే.

దేవరకొండ దగ్గర డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన పీడీని. రెండు వారాల్లో టోర్నమెంట్. దొరికింది ఏడుగురు పిల్లలు. అందులో ఇద్దరు ఖో–ఖో, ఒకరు కబడ్డీ. బాస్కెట్‌బాల్ నిజంగా ఆడినవాళ్లు ఇద్దరే. వెళ్లి పరువు పోగొట్టుకోవడం కంటే ఎంట్రీ ఇవ్వకపోవడం నయమని ప్రిన్సిపాల్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పీడీ

వెళ్లు తల్లీ. ఎంట్రీ ఈ రోజే పంపు. మొదలుపెట్టడానికి కావలసింది ఐదుగురు, నీ దగ్గర ఏడుగురున్నారు. ఫౌళ్లయి ఒక్కొక్కరే బయటికి పోయినా, కోర్టులో ఇద్దరు మిగిలే దాకా ఆట నడుస్తుంది. ఇది రూల్ బుక్కులో ఉంది, మీ ప్రిన్సిపాల్‌గారికి చూపించు.

రెండు వారాల్లో బాస్కెట్‌బాల్ మొత్తం నేర్పలేవు. ప్లేలు, నంబర్లు, బోర్డు మీద బాణాలు గీయడం వద్దు. ఖో–ఖో పిల్లలు నీకు వరం అనుకో. దిశ మార్చడం, వంగి పరుగెత్తడం వాళ్లకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. అవతలి టీమ్‌లో బంతి తెచ్చే అమ్మాయి మీద ఒకరి తర్వాత ఒకరిని వదులు. ఒకటే చెప్పు: చేతులు పైకి, ముట్టుకోవద్దు. వీపు మీద చరచడం ఖో–ఖోలో అలవాటు, ఇక్కడ ఫౌల్. మొదటి మూడు రోజులు అదే మాన్పించాలి. కబడ్డీ అమ్మాయిని బుట్ట కింద నిలబెట్టు. తోపులాటకు బెదరదు, బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని (రీబౌండ్) వదలదు. ఆమెకు ఒక కాలు పాతి తిరగడం నేర్పు, చాలు.

మిగతాది లే–అప్ (పరుగున బుట్ట దగ్గరికెళ్లి వేయడం), ఛాతీ పాస్, ఫ్రీ త్రో. రోజూ పోయేముందు ఒక్కొక్కరు ఇరవై ఫ్రీ త్రోలు, అలసిపోయాకే వేయించు, తాజాగా ఉన్నప్పుడు కాదు. బంతి చూసుకో. చాలా కాలేజీల్లో ఉండేది మగపిల్లల ఏడో నంబరు. మ్యాచ్‌లో ఆడపిల్లలకిచ్చేది ఆరో నంబరు, చుట్టుకొలత ఒక అంగుళం తక్కువ, బరువూ తక్కువ. పెద్ద బంతితో సాధన చేసిన పిల్ల మ్యాచ్‌లో విసిరితే బోర్డు దాటిపోతుంది. ఒక్కటైనా ఆరో నంబరు బంతి ఎక్కడినుంచైనా తెచ్చుకో.

ఈ లోపు ఒక శనివారం నల్లగొండో, మిర్యాలగూడో తీసుకెళ్లి అక్కడి ఆడపిల్లల కాలేజీతో ఫ్రెండ్లీ ఆడించు. బస్సు ఖర్చు సాకు ఇప్పుడు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బుల్లేవు కదా. ఆధార్ కార్డులు మర్చిపోకుండా చూడు. మా కాలంలో ఆ బస్సు ఛార్జీల దగ్గరే సగం మంది ఆడపిల్లలు ఆగిపోయారు.

టోర్నమెంట్ రోజు ఒకే నాడు రెండు మ్యాచ్‌లు పడొచ్చు. మధ్యలో బిర్యానీ పొట్లాలు ఎవరైనా ప్రేమగా తెస్తారు, దాచిపెట్టి సాయంత్రం ఇవ్వు. ఏడుగురే కాబట్టి అందరూ అలసిపోతారు. పొద్దున ఇడ్లీ, మధ్యలో అరటిపండు, పల్లీ పట్టీ, ఉప్పేసిన మజ్జిగ. బయట బండి దగ్గర మిర్చి బజ్జీకి ఎవరూ పోకుండా కబడ్డీ అమ్మాయిని కాపలా పెట్టు, ఆమె మాట వింటారు.

మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవచ్చు. ఓడితే వెంటనే బస్టాండ్‌కి రాకుండా, ఓడిన ఇంకో కాలేజీ పీడీని పట్టుకొని, పక్క గ్రౌండ్‌లో ఇంకో ఆట ఆడించు. రిఫరీ లేకపోతే నువ్వే విజిల్ ఊదు.

బ్యాగులో బ్యాండేజీ, ఐస్‌కి ఒక ఫ్లాస్కు, ఇంకో జత బూట్లు పెట్టుకో. ఏడుగురిలో పెద్ద పాదం ఎవరిదో చూసి ఆ నంబరు తీసుకో. వదులైతే ముందు భాగంలో పేపర్ కుక్కితే సరి.